టీ తాగుదాం రమ్మన్నాను

ఆ అబ్బాయి నా కాలర్ పట్టుకున్నప్పుడు వాడి వేళ్లు విప్పింది నేనే.

కండ్లకోయలో సర్వీసు రోడ్డు పక్కన, కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చే సాయంత్రం వేళ. ముగ్గురు మనుషులు వాడి నడుమూ కాళ్లూ దొరకబుచ్చుకుని తెల్ల వ్యాన్‌లోకి లాగుతున్నారు. ఒకడి మోచేయి వాడి పక్కటెముకల్లో మళ్లీ మళ్లీ దిగుతోంది. టీ గ్లాసులు పగిలి, ఆ పెంకుల మీద అందరి చెప్పులూ జారుతున్నాయి. బస్సు కిటికీల్లోంచి పిల్లలు ఫోన్లు బయటికి చాపి వీడియో తీస్తున్నారు.

"అన్నా, ఎవళ్లో గుంజుకపోతుండ్రే! ఇడువకన్నా, గట్టిగ పట్టుకో!"

ఆ మనుషులెవరో నాకూ తెలియదని వాడనుకున్నాడు. వాడితోపాటు నేనూ ఆపదలో ఉన్నాననుకున్నాడు. నా చొక్కా కాలర్ పట్టుకుని వేలాడుతున్నాడు. నేను వాడి చూపుడు వేలు విప్పాను. తర్వాత దాని పక్కది. చిటికెన వేలు ఎంతకీ రాకపోతే వెనక్కి వంచాను. లోపల ఏదో చిట్లిన చప్పుడైంది. అప్పుడు వాడు అరవడం మానేసి నా మొహంలోకి చూశాడు. టీ తాగుదాం రమ్మని ఎందుకు పిలిచానో వాడికి ఆ క్షణంలో అర్థమైంది. వ్యాన్ తలుపు మూసుకుంది.

దాన్ని పికప్ అంటారు. మత్తు మాన్పించే కేంద్రాలు కొన్ని ఇట్లా మనుషుల్ని ఎత్తుకుపోతాయి. ఇంటివాళ్లు చెబితే చాలు, వ్యాన్ వస్తుంది. ఇంట్లోంచో హాస్టల్లోంచో లాగితే గొడవవుతుంది కాబట్టి, ఆ మనిషి నమ్మే ఒకరు వాణ్ణి రోడ్డు మీదికి తీసుకొచ్చి నిలబెట్టాలి. ఆ పని నేను చేశాను.

అప్పుడు నేను సోషల్ వర్క్‌లో పీజీ చదువుతున్నాను. డిగ్రీ తర్వాత కొన్నేళ్లు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో సూపర్‌వైజర్‌గా చేసి, విసుగెత్తి మళ్లీ చదువులోకి వచ్చినవాణ్ణి. తోటి విద్యార్థులకంటే పెద్దవాణ్ణన్న గర్వం ఉండేది. ఇంటర్న్‌షిప్ కోసం నన్ను మేడ్చల్ దారిలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీకి పంపారు. విద్యార్థుల్లో మత్తు వాడకం మీద పని. ఆటసామాన్ల గది పక్కన ఒక చిన్న గది ఇచ్చారు. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక క్యారమ్ బోర్డు.

నా పని చూసే మేడం సిటీలో సూదులతో మత్తు ఎక్కించుకునేవాళ్ల మధ్య చాలాకాలం పనిచేసిన మనిషి. మొదటి రోజే గోడకున్న 'డ్రగ్స్ వద్దు' పోస్టరు చింపి బుట్టలో వేసింది.

"మానెయ్యమని చెప్పడానికి వాళ్లకు ఊరంతా ఉంది. నువ్వు కూడా అదే చెబితే నీ దగ్గరికి ఎందుకు రావాలి? నీ పని హాని తగ్గించడం. ఇవాళ వాడుతున్నవాడు ఇవాళ చావకుండా చూడు. రేపు మానాలన్నా రేపటికి వాడు ఉండాలి కదా. ఇక్కడ విన్నది ఈ గది దాటకూడదు. వాడికి తెలియకుండా వాడి గురించి ఏ పనీ చేయకూడదు. ఇంతే."

ఇంతేనా అనుకున్నాను. నిజానికి నాకు ఆ మాటలు అంతగా నచ్చలేదు. మా నాయిన నన్ను కొట్టి పెంచాడు. ఏడో తరగతిలో సిగరెట్‌తో దొరికితే దూలానికి చేతులు కట్టి చింతబరికెతో కొట్టాడు. మళ్లీ ముట్టలేదు. దెబ్బకు మనిషి బాగుపడతాడన్న నమ్మకం నాలో ఎక్కడో గట్టిగా ఉండిపోయింది. మేడం పాఠాన్ని పరీక్షల కోసం నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను.

పిల్లలు మొదట్లో నన్ను ఆటపట్టించడానికే వచ్చేవారు.

"అన్నా, గంజాయి క్లాసంటగా. థియరీనా, ప్రాక్టికలా?"

"వైవా ఉంటది," అన్నాను.

"గట్లయితే మావోడు టాపర్ అన్నా!" అని ఒకణ్ణి ముందుకు తోశారు. 

వాడే ఆ అబ్బాయి. మూడో సంవత్సరం. సన్నగా, పొడుగ్గా, ఎంత ఎండలోనైనా ఫుల్ చేతుల చొక్కాతో ఉండేవాడు. క్యారమ్‌లో నన్ను చిత్తుగా ఓడించేవాడు. "చదువుకున్నోడివి, గీ కాయిన్ గూడ కొట్టరాదా అన్నా?" అని నవ్వేవాడు. కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు చొక్కా చేయి పైకి మడిచాడు. మోచేతి మడతలో పుండు, చుట్టూ ఎర్రగా వాచి, మధ్యలో చీము.

"గిది మస్తు సలుపుతాందన్నా. మందుల షాపోడు ఏందిరా గిది అన్నడు. ఏం జెప్పాలె?"

కబడ్డీలో మోకాలు పోయినప్పుడు డాక్టరు రాసిన నొప్పి మాత్రలతో మొదలైంది. మోకాలు తగ్గినా మాత్రలు తగ్గలేదు. తర్వాత మాత్రలు సూదిలోకి చేరాయి. ఇంట్లో తెలియదు. ఇల్లు మేడ్చల్‌లో బస్ డిపో వెనకాల. తండ్రి జీడిమెట్లలో కెమికల్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఆపరేటర్. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. ఈ అబ్బాయి ఇంటి దగ్గర కంటే ఎక్కువగా, కామారెడ్డి నుంచి వచ్చి మేడ్చల్‌లో గది అద్దెకు తీసుకున్న దోస్తు దగ్గరే ఉండేవాడు.

ఆ పుండుకు కట్టు కట్టించడానికి నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు తిడుతుంటే మధ్యలో నిలబడి ఆ తిట్లు నేను తిన్నాను. ఇంకొకరి సూది వాడొద్దని, ఎప్పుడు తీసుకున్నా పక్కన మనిషి లేకుండా తీసుకోవద్దని మేడం నేర్పిన మాటలు చెప్పాను. వాడు విన్నాడు. సిటీలో సర్కారు దవాఖానాలో ఒక మందు ఇస్తారని, అది నాలుక కింద పెట్టుకుంటే సూది అవసరం మెల్లగా తగ్గుతుందని మేడం వాడితో మాట్లాడింది. "పరీక్షలు ఐనంక పోదాం మేడం. నాయినకు మాత్రం తెల్వొద్దు," అన్నాడు. సరేనంది. దారి కనబడింది. దాన్ని చెడగొట్టింది వాడు కాదు.

పరీక్షలకు ముందు తండ్రికి బాత్రూమ్ కిటికీ మీద సూది దొరికింది. మోటారు ఫ్యాన్‌బెల్టుతో కొట్టాడు. తల్లి అడ్డం పడితే ఆమె భుజం మీద కూడా వాతలు తేలాయి. అబ్బాయి గోడ దూకి దోస్తు గదికి పారిపోయాడు. మర్నాడు ఆయన కాలేజీకి వచ్చాడు. కాలేజీ వ్యవహారాలు చూసే పెద్దాయన నన్ను పిలిపించాడు. వెళ్లేసరికి తండ్రి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతుల మీద యాసిడ్ చుక్కల పాత మచ్చలు. కొట్టీ కొట్టీ కుడి చేయి వాచి ఉంది.

"గీ ముచ్చట పేపర్ల పడితె కాలేజీ ఇజ్జత్ పోతది," అన్నాడు పెద్దాయన. "శామీర్‌పేట కాడ ఒక సెంటర్ ఉంది. ఆళ్లే వచ్చి తీస్కపోతరు. క్యాంపస్‌ల మాత్రం లొల్లి గావొద్దు. నువ్వంటె పోరడు ఇంటడంట గద?"

తండ్రి లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నేను పిలిస్తె ఉరుకుతడు సారూ. నువ్వు పిలిస్తె వస్తడు. ఒక్కడే కొడుకు. సచ్చిపోతడు సారూ, నా కండ్ల ముందల్నే సచ్చిపోతడు."

ఆలోచించి చెబుతానని అనవచ్చు. అనలేదు. వాడితో మాట్లాడతాను, వాడే ఒప్పుకుంటాడు అనవచ్చు. అదీ అనలేదు. ఆ గదిలో పెద్దవాళ్లిద్దరూ నా వైపు చూస్తున్నారు. వాడు ఎవరి మాటా వినడు, నా మాట వింటాడు అన్న సంగతి నాకు ఎంత తీపిగా అనిపించిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మేడంకి ఫోన్ చేయడానికి కారిడార్‌లోకి వచ్చి ఫోన్ తీశాను. మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఏమంటుందో తెలుసు కాబట్టే చేయలేదు. భయంతో చేశానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉంది. కానీ దానికంటే ఎక్కువ, వాణ్ణి బాగుచేసినవాడు ఫలానా అని నలుగురూ అనుకోవాలన్న ఆశ ఉంది. కొంచెం కొడితే తప్పేముంది అన్న మా నాయిన గొంతు కూడా ఉంది.

ఆ సాయంత్రం దోస్తు గదిలో ఉన్న వాడికి ఫోన్ చేశాను. "బయట కలుద్దాం, టీ తాగుదాం రా" అన్నాను. వాతలు కనబడకుండా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చాడు. "నాయిన మస్తు కొట్టిండన్నా" అని నవ్వబోయి పెదవి చిట్లి ఆగిపోయాడు. నేను రెండు టీలు చెప్పాను.

వారం తర్వాత ఆ కేంద్రానికి వెళ్లాను. శామీర్‌పేట దాటాక మామిడి తోటల మధ్య అద్దెకు తీసుకున్న ఫామ్‌హౌస్. గోడ మీద గాజు పెంకులు, గేటుకు లోపలినుంచి తాళం. అక్కడి వార్డు చూసేవాడు ఒకప్పటి తాగుబోతు. లావుపాటి మనిషి, నవ్వు మొహం, చేతిలో నీళ్ల పైపు ముక్క.

"రా సార్, కూసో. మీవోనికి వెల్‌కమ్ ఐపోయింది. ఫస్ట్‌ల జెర ఎగిరిండు. ఇప్పుడు మేక తీరుగ ఉన్నడు."

వెల్‌కమ్ అంటే, కొత్తగా వచ్చినవాణ్ణి గదిలో పెట్టి పాతవాళ్లందరి చేతా కొట్టించడం. కొట్టనివాడికి అన్నం ఉండదు. ఆ సంగతి అతనే, పండగ ముచ్చట చెప్పినట్టు చెప్పాడు.

పెరట్లో కంకర మీద కొందరు మోకాళ్లపై నిలబడి ఉన్నారు. చేతులు పైకి, అరచేతుల్లో ఇటుకలు. ఎవరి చేయి వంగితే వాడి వీపు మీద పైపు. ఆ చప్పుడు తడిబట్ట బండకు కొట్టినట్టుంది. ఆ వరుసలో మా అబ్బాయి ఉన్నాడు. గుండు గీశారు. ఎడమ కన్ను మూసుకుపోయింది. నేను వంచిన చిటికెన వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆ చేత్తోనే ఇటుక మోస్తున్నాడు.

"ఏయ్, సారొచ్చిండు. నమస్తె పెట్టు."

ఇటుకలు దించి చేతులు జోడించాడు. మెడ మీద దెబ్బ పడింది. "నోరు పడిపోయిందారా?"

"నమస్తే సార్," అన్నాడు.

అప్పటిదాకా వాడు నన్ను అన్నా అనేవాడు.

"గిట్లనే బాగుపడతరు సార్," అన్నాడు ఆ లావుపాటి మనిషి. "నన్ను గూడ గిట్లనే తన్నిండ్రు. నేను బాగుపడలేదా?" 

నాకు మజ్జిగ ఇచ్చాడు. తాగాను. మళ్లీ వస్తానని చెప్పి గేటు తీయించుకుని వచ్చేశాను. బస్సులో వస్తూ, ఇది కొన్నాళ్లే కదా, తర్వాత వాడే నాకు దండం పెడతాడు అని లెక్క వేసుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. బాగానే తిన్నాను. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా వేధించింది పికప్ కాదు, ఆ రోజు నాకు ఆకలి వేయడం.

కాలేజీలో నా గదికి ఎవరూ రావడం లేదు. పికప్ వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. ఎవరో క్యారమ్ బోర్డును మధ్యలో కాలితో తన్ని విరగ్గొట్టి గుమ్మం ముందు పడేశారు. కట్టు కట్టించుకోవడానికి నాతో రావలసిన ఇంకో పిల్లవాడు కారిడార్‌లో నన్ను చూసి మెట్ల కిందికి పరుగెత్తాడు. మేడం తన మామూలు రోజున వచ్చి, ఖాళీ గదినీ విరిగిన బోర్డునూ చూసి, "ఏమైంది?" అంది. చెప్పాను. అంతా చెప్పాను, మజ్జిగ సంగతి కూడా.

ఆవిడ చేతిలోని బ్యాగును బల్లకేసి కొట్టింది. 

"వాడు నిన్ను నమ్మాడని నాకు ఎంత సంతోషం వేసిందో తెలుసా? ఆ నమ్మకాన్ని తాడులా పేని వాడి మెడకే వేశావు. లే. నీ సంగతి తర్వాత. ముందు వాడి తండ్రి ఎక్కడ దొరుకుతాడో చెప్పు."

జీడిమెట్లలో ఫ్యాక్టరీ గేటు దగ్గర, షిఫ్టు దిగి టిఫిన్ క్యారియర్‌తో వస్తున్న ఆయన్ని పట్టుకున్నాం.

"మంచిగున్న అని ఫోన్ల చెప్పిండు మేడం. బాగైతుండు."

"ఫోన్లో మాట్లాడేటప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారో అడిగారా?" అంది మేడం. "ఒక్కసారి కళ్లతో చూడండి. తర్వాత మీ ఇష్టం."

ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అది చూసే మేడం కారెక్కాడనుకుంటాను.

కలవడం ఆదివారాలే అన్నాడు గేటు దగ్గర లావుపాటి మనిషి. తండ్రి అతన్ని తోసుకుని లోపలికి పోయాడు. కొడుకు పెరట్లో అంట్లు తోముతున్నాడు. తండ్రిని చూసి లేచి, అలవాటుగా చేతులు జోడించాడు. ఆయన దగ్గరికెళ్లి చొక్కా పైకెత్తాడు. వీపంతా నల్లగా, పైపు పడిన చోటల్లా చర్మం ఉబ్బి పగిలి ఉంది. వాటి కింద, పాతబడి పసుపు రంగుకు మారిన ఫ్యాన్‌బెల్టు వాతలు. ఆయన రెండు రకాల దెబ్బలనూ చూస్తూ నిలబడ్డాడు.

"నేను కొట్టిన. నా కొడుకు. మీరెవల్రా కొట్టెతందుకు?"

స్టీలు క్యారియర్ ఎత్తి ఆ లావుపాటి మనిషి మొహం మీద కొట్టాడు. ముక్కు పగిలింది. రెండో దెబ్బకు క్యారియర్ మూత ఎగిరి కంకర మీద దొర్లింది. పైపులతో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఆయన భుజం మీద, తల మీద దెబ్బలు పడుతున్నా అతని గొంతు వదల్లేదు. మోకాళ్లపై నిలబడ్డవాళ్లలో ఒకడు చేతిలోని ఇటుకను విసిరాడు. తర్వాత అందరూ విసిరారు. నేను అబ్బాయి చేయి పట్టుకుని బయటికి లాగబోతే, విదిలించుకుని తండ్రి వైపు పోయాడు. మేడం అప్పటికే పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్లు వచ్చి అందరినీ బయటికి తెచ్చారు. ఆ కేంద్రానికి అనుమతే లేదని తర్వాత తేలింది.

వాణ్ణి ఇంట్లో దింపాక మేడం తండ్రిని బయటికి పిలిచింది. ఇన్నాళ్లు మత్తు సూది లేకుండా ఉన్న ఒళ్లు ఇప్పుడు కొత్త ఒళ్లు అని, మనసు మాత్రం పాతదేనని, ఎప్పుడైనా పాత మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోతుందని చెప్పింది. అందరికంటే ప్రమాదం మానినవాడికేనంది. తలకు కట్టుతో నిలబడ్డ ఆయన చేతులు జోడించాడు.

"ఇగ ఆ మాట తియ్యకుండ్రి మేడం. మానిండు. మల్ల ఏస్కుంటే అని చెప్పి నా కొడుక్కు తొవ్వ చూపకుండ్రి."

లోపల అబ్బాయితో మాట్లాడబోతే గోడ వైపు తిరిగి పడుకుని చెవులు మూసుకున్నాడు. కారెక్కుతూ మేడం నాతో అంది: "ఈ ఒక్క మాట వాడికి చేరకపోతే వాడు బతకడు. నా మాట వినడు. నీ మాట అసలే వినడు. కానీ నిన్ను తిట్టడానికైనా నీ ఎదురుగా నిలబడతాడు. వెళ్లు."

కొన్నాళ్లకు వాడు ఇంట్లోంచి బయటికి రావడం మొదలుపెట్టాడని తెలిసి, రింగ్ రోడ్డు పక్క ఖాళీ ప్లాట్లలో వాళ్లు క్రికెట్ ఆడే చోటికి వెళ్లాను. మధ్యాహ్నం. నన్ను చూసి ఆట ఆగింది. వాడు నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఏమన్నా, టీ తాగుదామా?"

"నీకొక మాట చెప్పాలె. చెప్పి పోత."

"తాగిపిస్త దా!"

మొదటి దెబ్బ తలతో కొట్టాడు, నా ముక్కు మీద. పడ్డాక కాళ్లతో తన్నాడు. పక్కటెముకల్లో, తొడల మీద, మళ్లీ పక్కటెముకల్లో. మోచేతులు అడ్డం పెట్టుకున్నాను తప్ప లేవలేదు. పాపం కడుక్కోవడానికి కాదు. లేస్తే పారిపోతానని నాకు తెలుసు. పారిపోతే ఆ మాట మిగిలిపోతుంది.

"పాతంత ఏస్కోకు," అన్నాను. "ఒళ్లు మర్చిపోయింది. ఊపిరి ఆగుతది."

"నేను మల్ల ఏస్కుంటనని నీకెవడు చెప్పిండురా?" బూటు నా నోటి మీద పడింది. పన్ను విరిగి నాలుక కింద గుచ్చుకుంది.

"ఎవలూ చెప్పలే. ఏస్కోకపోతె మంచిదే. ఏస్కుంటె మాత్రం ఒక్కనివి ఉండకు. పక్కకు మనిషి ఉండాలె. గురక కొట్టినా, పెదాలు నీలమైనా 108కి చెయ్యాలె. ఊపిరి ఊదాలె."

"నోర్ముయ్!"

"ఒక్కనివి ఉండకు."

ఎన్నిసార్లన్నానో తెలియదు. రక్తం మింగుతూ అదే మాట అన్నాను. చివరికి కామారెడ్డి దోస్తు వాణ్ణి వెనకనుంచి పట్టుకుని లాగాడు. "సాలు ఇగ, సస్తడురా! ఏదో చెప్తుండు, ఇన్రాదురా ఒక్కపారి!" వాడు నా మీద ఉమ్మి వెళ్లిపోయాడు. దోస్తు మాత్రం వెళ్లేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. నేను పడుకునే నా ఫోన్ నంబరు చెప్పాను. రాసుకున్నట్టు కనబడలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. 

"అన్నా, నేను, వాని దోస్తును. నా రూంల ఉన్నం. పెదాలు నీలమైనయన్నా. గుర్రుగుర్రుమన్నడు, ఇప్పుడు అది గూడ లేదు!"

"108కి చేసినవా?"

"చేసిన, వస్తుండ్రు. నువ్వు చెప్పినవ్ గదా, ఒక్కనివి ఉండకు అని. నేను గీడనే కూసున్న అన్నా, ఎటూ పోలే. సగమే ఏస్కున్నడు. సగమే అన్నా, అయినా గూడ..."

"ఏడ్వకు. ఫోన్ స్పీకర్ల పెట్టు. తల వెనకకు వంచు. ముక్కు మూసి నోట్లె ఊదు. ఛాతీ లేస్తాందా?"

"లేస్తాంది."

"మల్ల ఊదు. బండి వచ్చేదాంక ఆపకు."

ఫోన్‌లో దోస్తు ఊదే చప్పుడు, మధ్యలో ఏడుపు, మధ్యలో "లే రా, లే రా నీయవ్వ" అన్న తిట్లు. బైకు మీద ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మేడ్చల్ చేరేసరికి ఆ అబ్బాయిని ఆసుపత్రిలో పడుకోబెట్టారు. ఊపిరి తెప్పించే ఇంజెక్షన్ ఇచ్చారు. కళ్లు తెరిచి ఇంత వాంతి చేసుకుని, మళ్లీ వెనక్కి వాలాడు. బతికాడు.

నేను మంచం పక్కకు వెళ్లేలోపే తండ్రి వచ్చాడు. చర్చి నుంచి నేరుగా వచ్చాడు. తెల్ల చొక్కా, చంకలో బైబిల్. కొడుకును చూశాడు. చేతిలోని సూది గుర్తును చూశాడు. ఆయన మొహం అంతా ఒక్కసారి ముడుచుకుపోయి, కుడి చేయి పైకి లేచింది. నేను మధ్యలోకి దూరి ఆ మణికట్టు పట్టుకున్నాను. ఆయన బలమైన మనిషి. ఎడమ చేత్తో నా మొహం మీద కొట్టాడు. పన్ను విరిగిన చోట మళ్లీ రక్తం వచ్చింది. మణికట్టు వదల్లేదు. "ఇప్పుడొద్దు, ఇప్పుడొద్దు" అంటున్నాను.

మంచం మీదనుంచి వాడి గొంతు, తడి లేకుండా, నెమ్మదిగా:

"ఆయన్ను ఇడిచిపెట్టు. ఆయన కొడితె నాకు సమజైతది. నువ్వు నా దగ్గరికి రాకు."

వదిలేశాను. తండ్రి చేయి గాలిలోనే కాసేపు ఉండి కిందికి దిగింది. కొట్టలేదు. మంచం కాళ్ల వైపు కూలబడి, కొడుకు పాదాల మీద దుప్పటి సర్దడం మొదలుపెట్టాడు. సర్దిందే మళ్లీ మళ్లీ సర్దుతున్నాడు.

బయట కారిడార్‌లో దోస్తు నేల మీద కూర్చుని ఉన్నాడు. ఊదీ ఊదీ వాడి పెదాలు ఉబ్బి ఉన్నాయి.

"లోపలికి పో," అన్నాను. "ఆ ఇంజెక్షన్ జోరు తగ్గినంక ఊపిరి మల్ల మందమైతది. ఇంటికి తీస్కపోత అని వాళ్ల నాయిన జల్దీ చేస్తే పోనియ్యకు. డాక్టర్‌కు గూడ చెప్పు. పండనియ్యి, గాని ఛాతీ చూస్కుంట కూసో."

"నువ్వు రావా?"

"నన్ను రానియ్యడు."

వాడు లేచి, చొక్కాకు మొహం తుడుచుకుని లోపలికి వెళ్లాడు. తలుపుకు చిన్న అద్దం ముక్క ఉంది. అందులోంచి మంచం సగమే కనబడుతుంది. వాడి ఛాతీ మీది దుప్పటి లేచింది. దిగింది. మళ్లీ లేచేదాకా నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.